పరిశోధన కాలప్రణాళికకు సాధారణ వర్క్‌స్పేస్ యాప్‌ల వినియోగం: పరిమితులు - పరిశీలన

వ్యాససంగ్రహం:
పరిశోధకులు నోట్సు, గ్రంథసూచి, పనుల జాబితా, గడువు తేదీలు అన్నింటినీ ఒకేచోట ఉంచుకోవడానికి నోషన్ వంటి సాధారణ వర్క్‌స్పేస్ యాప్‌లను ఆశ్రయిస్తున్నారు. సమాచారాన్ని క్రమపరచడంలో ఇవి సమర్థమైనవే. అయితే కాలప్రణాళిక అంటే తేదీల జాబితా కాదు. పనుల మధ్య ఉన్న ఆధారసంబంధాల నుంచి తేదీలను లెక్కగట్టే పద్ధతి అది. ఒగ్గుకథపై క్షేత్ర పరిశోధనకు సంబంధించిన ఊహాత్మక నమూనా ప్రణాళికను ఆధారం చేసుకొని, వర్క్‌స్పేస్ యాప్‌లు ఈ గణనలో ఎక్కడెక్కడ వెనుకబడతాయో, దానివల్ల పరిశోధకునికి కలిగే నష్టం ఏమిటో, దానిని నివారించే మార్గం ఏమిటో వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: కాలప్రణాళిక, వర్క్‌స్పేస్ యాప్, నోషన్, కీలక మార్గం, వెసులుబాటు, మూల ప్రణాళిక, క్షేత్ర పరిశోధన.

1. ఉపోద్ఘాతం:
విశ్వవిద్యాలయ నిధుల సంఘం 2022 నవంబరులో ప్రకటించిన పీహెచ్.డి. నిబంధనల ప్రకారం, కోర్సు వర్కుతో కలిపి పరిశోధనకు కనీస వ్యవధి 3 సంవత్సరాలు, గరిష్ఠ వ్యవధి 6 సంవత్సరాలు. పరిశోధకుడు సెమిస్టరుకు ఒకసారి పరిశోధన సలహా సంఘం ఎదుట హాజరై తన పని పురోగతిని వివరించాలి. అంటే పరిశోధనకు విషయం, పద్ధతి ఎంత ముఖ్యమో కాలం కూడా అంతే ముఖ్యం. గడువు దాటితే పునర్నమోదు, ఫెలోషిప్ ముగిసిపోవడం, ఉద్యోగావకాశాలు చేజారడం వంటి ఇబ్బందులు వరుసగా ఎదురవుతాయి.

పరిశోధన పద్ధతులను బోధించే కోర్సు వర్కులో పరికల్పన, సామగ్రి సేకరణ, విశ్లేషణల గురించి విస్తృతంగా చెబుతారు. కాలాన్ని లెక్కించే పద్ధతికి అందులో దక్కే చోటు తక్కువ. ఆ లోటును పరిశోధకులు తమకు అప్పటికే అలవాటైన యాప్‌తో పూరించుకుంటారు. నోట్సు రాసుకునే చోటే గడువులూ రాసుకుంటే పని సులువవుతుందన్నది వారి ఆలోచన. ఈ సౌలభ్యం వెనుక ఉన్న లోపం పని సజావుగా సాగినంతకాలం కనిపించదు. మొదటి జాప్యం ఎదురైనప్పుడే బయటపడుతుంది.

2. వర్క్‌స్పేస్ యాప్ స్వభావం:
వర్క్‌స్పేస్ యాప్‌లో ప్రాథమిక అంశం పేజీ. అటువంటి పేజీల సముదాయమే డేటాబేస్. ప్రతి పేజీకి పేరు, తేదీ, స్థితి, బాధ్యుడు వంటి లక్షణాలను జోడించవచ్చు. అదే సమాచారాన్ని పట్టికగా, క్యాలెండరుగా, కాన్బాన్ బోర్డుగా, కాలరేఖగా మార్చి చూడవచ్చు. ఒక కథకునితో జరిపిన సంభాషణ వివరాలు, ఆ ధ్వనిముద్రణ సంఖ్య, దానిని ఉదాహరించిన అధ్యాయం వంటి వాటిని పరస్పరం ముడివేయడంలో ఈ యాప్‌లకు సాటి వచ్చే సాధనాలు తక్కువ.

నోషన్‌లో కాలరేఖ సౌకర్యంతో పాటు, 2022 చివర నుంచి పనుల మధ్య డిపెండెన్సీ, అంటే ఆధారసంబంధం, చూపే సౌకర్యం కూడా ఉంది. ఒక పని మరొక పనిని అడ్డగిస్తున్నదని బాణం గుర్తుతో చూపవచ్చు. ముందు పని జరిగితే తరువాతి పని తేదీ కూడా దానంతట అదే జరిగేలా అమర్చుకోవచ్చు. వారాంతాలను తప్పించే వీలు కూడా ఉంది. కాబట్టి ఈ యాప్‌లలో ప్రణాళికకు ఏ సదుపాయమూ లేదనడం సరికాదు. ఉన్న సదుపాయం ఏ మేరకు కాలప్రణాళిక అవుతుందన్నదే ఇక్కడ పరిశీలించవలసిన ప్రశ్న.

3. కాలప్రణాళిక - తేదీల నమోదు:
పనులను కాలరేఖపై పట్టీలుగా చూపే పద్ధతి పాతదే. పోలండ్ ఇంజనీరు కరోల్ ఆడమియెట్స్కి 1896లో ఇటువంటి చిత్రణను రూపొందించాడు. 1910వ దశకంలో అమెరికాకు చెందిన హెన్రీ గాంట్ దీనిని ప్రచారంలోకి తెచ్చాడు. నేటికీ ఆ పట్టీల చిత్రాన్ని గాంట్ పట్టిక అనే అంటున్నారు. ఏ పని ఎప్పుడు జరుగుతుందో గాంట్ పట్టిక చూపుతుంది. ఒక పని ఆలస్యమైతే మొత్తం పథకం ఏమవుతుందన్న ప్రశ్నకు పట్టీలు మాత్రమే సమాధానం చెప్పలేవు.

ఆ సమాధానం 1950వ దశకం చివరలో లభించింది. డ్యూపాంట్ సంస్థకు చెందిన మోర్గాన్ వాకర్, రెమింగ్టన్ ర్యాండ్ సంస్థకు చెందిన జేమ్స్ కెల్లీ కలిసి క్రిటికల్ పాత్ పద్ధతిని రూపొందించారు. దాదాపు అదే కాలంలో, 1958లో, అమెరికా నౌకాదళం పోలారిస్ క్షిపణి కార్యక్రమం కోసం పెర్ట్ పద్ధతిని తయారు చేయించుకుంది. రెండింటి మూలసూత్రం ఒకటే. ప్రతి పనికి వ్యవధి, దాని ముందు ముగియవలసిన పనులు తెలిస్తే చాలు. మొదటి నుంచి చివరకు లెక్కిస్తే ప్రతి పని ఎంత త్వరగా ముగియగలదో తెలుస్తుంది. చివరి నుంచి మొదటికి లెక్కిస్తే ఎంత ఆలస్యంగా ముగిసినా ఇబ్బంది లేదో తెలుస్తుంది. ఈ రెండింటి మధ్య తేడాయే వెసులుబాటు. వెసులుబాటు సున్నాగా ఉన్న పనుల వరుసే కీలక మార్గం. ఆ వరుసలో ఒక్క వారం జారినా మొత్తం పథకం ఒక వారం జారుతుంది.

దీనిని బట్టి తేదీల నమోదుకూ కాలప్రణాళికకూ ఉన్న భేదం స్పష్టమవుతుంది. మొదటిదానిలో తేదీని మనిషి నిర్ణయించి రాస్తాడు. రెండవదానిలో మనిషి వ్యవధిని, సంబంధాలను రాస్తాడు. తేదీ లెక్కలో తేలుతుంది.

4. నమూనా ప్రణాళిక:
ఒగ్గుకథ పాఠభేదాలపై ఏడాదిపాటు సాగే క్షేత్ర పరిశోధనను ఉదాహరణగా తీసుకోవచ్చు. దీనిలోని పనులు, వ్యవధులు వివరణ కోసం ఊహించినవి.

అ. పూర్వపరిశోధనల సమీక్ష, ప్రశ్నావళి తయారీ: 6 వారాలు
ఆ. సలహా సంఘం ఆమోదం: 4 వారాలు (అ తరువాత)
ఇ. రికార్డింగ్ పరికరాల సమీకరణ: 3 వారాలు (అ తరువాత)
ఈ. క్షేత్ర పర్యటన, ప్రదర్శనల రికార్డింగ్: 10 వారాలు (ఆ, ఇ తరువాత)
ఉ. పాఠలేఖనం, అంటే విన్న కథను రాతలో పెట్టడం: 14 వారాలు (ఈ తరువాత)
ఊ. గ్రంథాలయాలలో ముద్రిత పాఠాల సేకరణ: 12 వారాలు (అ తరువాత)
ఋ. పాఠాల తులనాత్మక విశ్లేషణ: 8 వారాలు (ఉ, ఊ తరువాత)
ఎ. అధ్యాయ రచన: 8 వారాలు (ఋ తరువాత)

ముందుకు లెక్కిస్తే సమీక్ష 6వ వారంలో, ఆమోదం 10వ వారంలో, క్షేత్ర పర్యటన 20వ వారంలో, పాఠలేఖనం 34వ వారంలో, విశ్లేషణ 42వ వారంలో, రచన 50వ వారంలో ముగుస్తాయి. కీలక మార్గం ఇదే. పరికరాల సమీకరణ 9వ వారంలో ముగుస్తుంది. 10వ వారం దాకా సమయం ఉంది కనుక దాని వెసులుబాటు ఒక వారం. ముద్రిత పాఠాల సేకరణ 18వ వారంలో ముగుస్తుంది. 34వ వారం వరకు ఆగవచ్చు కనుక దానికి 16 వారాల వెసులుబాటు ఉంది.

ఏడాదిలో 52 వారాలు ఉన్నాయి. అంటే మొత్తం పథకంలో మిగిలింది 2 వారాలే. పరిశోధకుడు అన్నింటికన్నా ముందు తెలుసుకోవలసిన విషయం ఇది.

5. పరిమితులు:

5.1. కీలక మార్గం కనిపించకపోవడం:
పై ఎనిమిది పనులను నోషన్ కాలరేఖపై పెడితే ఎనిమిది పట్టీలు, వాటి మధ్య బాణాలు కనిపిస్తాయి. ఒక వారం వెసులుబాటు ఉన్న పనికీ, 16 వారాల వెసులుబాటు ఉన్న పనికీ, అసలే లేని పనికీ ఆ చిత్రంలో భేదం ఉండదు. ముందు పని జరిగినప్పుడు తరువాతి పనిని జరపడం ఒక్కటే యాప్ చేస్తుంది. చివరి నుంచి వెనుకకు లెక్కించి ప్రతి పనికి మిగిలిన వెసులుబాటును అది చూపదు. ఫలితంగా పరిశోధకుని శ్రద్ధ అన్ని పనుల మీద సమానంగానో, లేదా ఇష్టమైన పని మీద ఎక్కువగానో పడుతుంది. గ్రంథాలయంలో రెండు వారాలు ఆలస్యమైనా నష్టం లేదు. సలహా సంఘం సమావేశం రెండు వారాలు వాయిదా పడితే ఏడాదికి మిగిలిన వ్యవధి అంతా కరిగిపోయినట్లే. ఈ రెండు జాప్యాలూ తెరమీద ఒకేలా కనిపిస్తాయి.

5.2. సంబంధాల్లో వైవిధ్యం లేకపోవడం:
ఒకటి ముగిసిన తరువాతే మరొకటి మొదలవడం ఒక రకమైన సంబంధం మాత్రమే. వర్క్‌స్పేస్ యాప్ డిపెండెన్సీ ప్రధానంగా దీనినే గుర్తిస్తుంది. పరిశోధనలో ఇతర సంబంధాలు ఎక్కువ. పాఠలేఖనం మొదలవడానికి రికార్డింగ్ అంతా ముగియనక్కరలేదు. మొదటి మూడు వారాల ధ్వనిముద్రణలు చేతికందితే సహాయకుడు లేఖనం ప్రారంభించవచ్చు. ఈ సంబంధాన్ని 'మొదలైన 3 వారాలకు మొదలు' అని ప్రణాళికలో చెప్పగలిగితే, పాఠలేఖనం 13వ వారంలో మొదలై 27వ వారంలో ముగుస్తుంది. పథకం 50 నుంచి 43 వారాలకు తగ్గుతుంది. ఈ 7 వారాల ఆదా యాప్‌లో కనిపించదు. పనిని చిన్న చిన్న ముక్కలుగా విడగొట్టి చూపవచ్చు గానీ, పది పనుల ప్రణాళిక అప్పుడు ముప్పై పనులవుతుంది. ప్రతి మార్పుకూ అన్నింటినీ సరిచూడవలసి వస్తుంది.

5.3. క్యాలెండరు పరిమితి:
క్షేత్ర పరిశోధనలో అన్నింటికన్నా తీవ్రమైన ఇబ్బంది ఇదే. సిద్దిపేట జిల్లా కొమురవెల్లి మల్లన్న జాతర సంక్రాంతి తరువాతి ఆదివారం మొదలై ఉగాదికి ముందటి ఆదివారం వరకు సాగుతుంది. పట్నాలు వేయడం, మల్లన్న కథ చెప్పడం, ఆ కథను ఆర్తితో వినే భక్తులు - ఇవన్నీ సహజ సందర్భంలో ఒకేచోట దొరికే కాలం అది. ఉగాది తేదీని బట్టి ఆదివారాల సంఖ్య ఏటా కొంత మారుతుంది. 2025లో జనవరి 19 నుంచి మార్చి 23 వరకు పది ఆదివారాలు వచ్చాయి.

నవంబరు తొలి పక్షంలో పని మొదలైతే పదో వారం ముగిసేసరికి సంక్రాంతి వస్తుంది. నమూనా ప్రణాళికలోని క్షేత్ర పర్యటన జాతరతో సరిగ్గా కలుస్తుంది. ఇప్పుడు సలహా సంఘం ఆమోదం 4 వారాలు ఆలస్యమైందనుకుందాం. యాప్ ఏం చేస్తుంది? క్షేత్ర పర్యటన పట్టీని నాలుగు వారాలు కుడివైపుకు జరుపుతుంది. దానివెంట మిగిలినవీ జరుగుతాయి. తెరమీద అంతా క్రమంగానే ఉంటుంది. కాని పట్టీ జరిగినంత మాత్రాన జాతర జరగదు. పది ఆదివారాల్లో ఆరే మిగులుతాయి. చివరి నాలుగు వారాల పర్యటన జాతర ముగిసిన గుడి ముంగిట జరుగుతుంది. ఆ నాలుగు వారాల సామగ్రి తప్పనిసరి అయితే వచ్చే సంక్రాంతి దాకా ఆగాలి. నాలుగు వారాల జాప్యం దాదాపు ఏడాది జాప్యమవుతుంది.

ములుగు జిల్లా మేడారం సమ్మక్క-సారలమ్మ జాతర విషయంలో ఇది మరింత కఠినం. రెండేళ్లకొకసారి మాఘమాసంలో నాలుగు రోజులు జరిగే జాతర అది. 2024 ఫిబ్రవరిలోనూ, 2026 జనవరిలోనూ జరిగింది. ఒక్క వారం అనుమతి ఆలస్యమైనా రెండేళ్లు పోతాయి. ఆరేళ్ల గరిష్ఠ వ్యవధిలో అది మూడో వంతు.

కాలప్రణాళిక సాఫ్ట్‌వేర్‌లో ఒక పనికి 'ఈ తేదీకి ముందు మొదలుకారాదు', 'ఈ తేదీ దాటి ముగియరాదు' వంటి నిబంధనలు పెట్టవచ్చు. నిబంధనకూ లెక్కకూ పొంతన కుదరకపోతే ఆ సంఘర్షణ ముందే బయటపడుతుంది. శని, ఆదివారాలను తప్పించడం మాత్రమే తెలిసిన యాప్‌కు సంక్రాంతి, ఉగాది, విశ్వవిద్యాలయ పరీక్షల కాలం, వేసవి సెలవులు తెలియవు. ఇక్కడ ఒక వైచిత్రి కూడా ఉంది. వారాంతాలను తప్పించే ఆ ఒక్క సౌకర్యాన్ని వాడితే కొమురవెల్లిలో పని జరగవలసిన ఆదివారాలే సెలవులవుతాయి.

5.4. మనిషి ఒక్కడేనన్న విషయం లెక్కకు రాకపోవడం:
నమూనాలో ముద్రిత పాఠాల సేకరణకు 16 వారాల వెసులుబాటు కనిపించింది. అది పనుల మధ్య సంబంధాలను మాత్రమే చూసిన లెక్క. సేకరణ, రికార్డింగ్, లేఖనం మూడూ పరిశోధకుడే చేయాలంటే పరిస్థితి వేరు. ఆమోదం కోసం ఎదురుచూసే 4 వారాలు గ్రంథాలయంలో గడపవచ్చు. పరికరాల సంగతి విభాగం చూసుకున్నా, సేకరణలో మిగిలిన 8 వారాలు పర్యటన తరువాతే సాధ్యం. 20వ వారం తరువాత 8 వారాల సేకరణ, 14 వారాల లేఖనం ఒకదాని వెనుక ఒకటి జరగాలి. పథకం 58 వారాలకు చేరుతుంది. ఏడాది గడువు దాటిపోతుంది.

వర్క్‌స్పేస్ యాప్‌లో ప్రతి పనికీ బాధ్యుని పేరు రాయవచ్చు. ఒకే పేరు ఒకే వారంలో మూడు పనులపై ఉన్నా అది అభ్యంతరం చెప్పదు. పాఠాలు చెబుతూ పరిశోధన చేసే కళాశాల అధ్యాపకుల విషయంలో ఈ లోపం మరింత నష్టం చేస్తుంది. వారానికి రెండు రోజులు మాత్రమే పరిశోధనకు కేటాయించగలిగితే, పది రోజుల పని ఐదు వారాలు పడుతుంది. వ్యవధికీ శ్రమకూ ఉన్న ఈ తేడాను ప్రారంభ, ముగింపు తేదీలు మాత్రమే ఉన్న పట్టిక చూపలేదు.

5.5. మూల ప్రణాళిక చెరిగిపోవడం:
తేదీ మారిన ప్రతిసారీ పాత తేదీ స్థానంలో కొత్తది చేరుతుంది. ఆరు నెలల తరువాత పట్టిక చూస్తే ప్రతి పనీ అనుకున్న తేదీకే జరుగుతున్నట్లు ఉంటుంది. ఎందుకంటే అనుకున్న తేదీనే మార్చేశారు. నోషన్‌లో పేజీల పాత రూపాలను చూసే వీలున్నా ఉచిత ఖాతాలో అది 7 రోజులకే పరిమితం. పైగా ఒక్కో పేజీ చరిత్ర మొత్తం ప్రణాళిక చరిత్ర కాదు. సెమిస్టరు సమావేశంలో 'మొదట ఏమనుకున్నారు, ఇప్పుడు ఎక్కడున్నారు, తేడాకు కారణమేమిటి' అన్న ప్రశ్నకు ఆధారం ఉండదు. జాప్యం పరిశోధకుని వల్ల జరిగిందా, ఆమోదం ఆలస్యం వల్ల జరిగిందా అన్నది తేల్చవలసి వచ్చినప్పుడు ఈ నమోదు లేకపోవడం వల్ల నష్టపోయేది పరిశోధకుడే.

5.6. అనిశ్చితి, తరలింపు:
పాఠలేఖనం కచ్చితంగా 14 వారాలే పడుతుందని ఎవరూ చెప్పలేరు. పెర్ట్ పద్ధతి మూడు అంచనాలు అడుగుతుంది. ఆశావహంగా 10, ఎక్కువ అవకాశం ఉన్నట్లుగా 14, నిరాశావహంగా 24 వారాలు అనుకుంటే, మధ్య అంచనాను నాలుగుతో హెచ్చించి, మిగిలిన రెండింటితో కూడి, ఆరుతో భాగిస్తే 15 వారాలు వస్తుంది. ఈ ఒక్క లెక్కను యాప్‌లోని సూత్రపు గడిలో చేయవచ్చు. కాని ఆ ఫలితాన్ని తేదీలకు, తరువాతి పనులకు, మొత్తం మార్గానికి ప్రసరింపజేయడం ఎవరికి వారు చేతితో చేసుకోవలసిందే.

ప్రణాళికను బయటకు తీసినప్పుడు కూడా సమస్య ఉంది. డేటాబేస్‌ను సి.ఎస్.వి. రూపంలో తీస్తే గడులు వస్తాయి. కాలరేఖ రాదు. పనుల మధ్య సంబంధాలు కేవలం పేర్లుగా, లంకెలుగా మిగులుతాయి. మరొక ప్రణాళిక సాఫ్ట్‌వేర్‌లో వాటిని మళ్లీ కట్టుకోవాలి.

6. వర్క్‌స్పేస్ యాప్‌కు అనుకూలమైన వాదాలు:
మానవీయ శాస్త్రాల పరిశోధన వంతెన నిర్మాణం వంటిది కాదని, దానికి ఇంత లెక్క అనవసరమని ఒక వాదం ఉంది. ఇందులో కొంత నిజం ఉంది. సిద్ధాంత చర్చ, పఠనం ఏ రోజుకు ముగుస్తాయో చెప్పడం కష్టం. గ్రంథాలయంలోనే సాగే, ఒక్కరే చేసే, పనులన్నీ ఒకదాని వెనుక ఒకటి వరుసగా వచ్చే పరిశోధనకు వర్క్‌స్పేస్ యాప్‌లోని జాబితా సరిపోతుంది. అక్కడ కీలక మార్గం వేరుగా ఉండదు. ఉన్న వరుసే కీలక మార్గం.

కాని సమాంతరంగా సాగే పనులు, ఇతరుల అనుమతులు, ఋతువుతో ముడిపడిన క్షేత్రకార్యం, జీతం ఇచ్చి పెట్టుకున్న సహాయకులు - వీటిలో ఏ రెండు ఉన్నా పరిస్థితి మారుతుంది. వ్యవధులు అనిశ్చితంగా ఉన్నప్పుడు వెసులుబాటు ఎక్కడుందో తెలియడం మరింత అవసరం.

రెండో వాదం ఒకే యాప్ వల్ల కలిగే సౌలభ్యానికి సంబంధించినది. రెండు చోట్ల సమాచారం ఉంటే ఒకదానిలో మార్చి మరొకదానిలో మరచిపోయే ప్రమాదం ఉంటుంది. ఇది నిజమైన ఇబ్బందే. తేదీలు ఎక్కడ నిర్ణయమవుతాయో ముందుగా స్థిరపరచుకోవడమే దీనికి పరిష్కారం.

7. ఆచరణీయ విధానం:
వర్క్‌స్పేస్ యాప్‌ను వదులుకోవలసిన పనిలేదు. పనులను విభజించుకుంటే చాలు. నోట్సు, కథకుల వివరాలు, సమావేశాల తీర్మానాలు, అధ్యాయాల చిత్తుప్రతులు యాప్‌లో ఉండవచ్చు. వ్యవధులు, సంబంధాలు, తేదీలు మాత్రం ఒక ప్రత్యేక ప్రణాళిక ఫైలులో ఉండాలి. గాంట్‌ప్రాజెక్ట్, ప్రాజెక్ట్‌లిబ్రే వంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌లు ఇందుకు సరిపోతాయి. అవి సొంత కంప్యూటరులోనే పనిచేస్తాయి. కీలక మార్గాన్ని చూపుతాయి. మూల ప్రణాళికను భద్రపరచి ప్రస్తుత స్థితితో పోల్చి చూపుతాయి. సొంత సెలవుల పట్టికను చేర్చుకోవచ్చు.

కొత్త సాఫ్ట్‌వేర్ నేర్చుకునే వ్యవధి లేనివారికి స్ప్రెడ్‌షీట్ చాలు. పది పదిహేను పనులకు ముందుకు, వెనుకకు లెక్క ఒక పూటలో చేయవచ్చు. కాగితంపై చేసినా ఫలితం అదే. ఏ సాధనం వాడినా పాటించవలసిన నియమాలు ఇవి: తేదీలు ప్రణాళిక ఫైలులో మాత్రమే మారాలి. యాప్‌లో అవి కేవలం ప్రతిబింబాలు. ప్రతి సెమిస్టరు సమావేశానికి ముందు ప్రణాళిక ప్రతిని పి.డి.ఎఫ్.గా తీసి తేదీతో భద్రపరచాలి. జాతరలు, పరీక్షలు, గ్రంథాలయ సెలవులు మొదలైన కదలని తేదీలను ముందుగా గుర్తించి, పనులను వాటి నుంచి వెనుకకు లెక్కించాలి.

పర్యవేక్షకులకు కూడా ఇందులో పాత్ర ఉంది. 'ఎంతవరకు వచ్చింది?' అని అడిగే బదులు 'ఏ పనికి వెసులుబాటు అయిపోయింది?' అని అడిగితే సమావేశం స్వరూపమే మారుతుంది. ఆమోదం ఆలస్యమైతే పోయేది ఎన్ని వారాలో, ఎన్ని నెలలో అప్పుడు సంఘానికీ తెలుస్తుంది.

8. ముగింపు:
ఈ పరిశీలన వల్ల తేలిన అంశాలు:

- సాధారణ వర్క్‌స్పేస్ యాప్ తేదీలను భద్రపరుస్తుంది, జరుపుతుంది. వెసులుబాటును, కీలక మార్గాన్ని లెక్కించదు.
- నమూనా ప్రణాళికలో అవే పనులు, అవే వ్యవధులు ఉన్నప్పటికీ సంబంధాలను, మనుషుల లభ్యతను బట్టి మొత్తం వ్యవధి 43, 50, 58 వారాలుగా మారింది. ఈ తేడా పట్టీల చిత్రంలో కనిపించదు.
- జాతరల వంటి కదలని తేదీలతో ముడిపడిన క్షేత్ర పరిశోధనలో కొన్ని వారాల జాప్యం ఏడాది, రెండేళ్ల జాప్యంగా మారవచ్చు. యాప్ దీనిని హెచ్చరించదు.
- మూల ప్రణాళిక నిలవకపోవడం వల్ల జాప్యానికి కారణం చూపే ఆధారాన్ని పరిశోధకుడు కోల్పోతాడు.
- సమాచారానికి వర్క్‌స్పేస్ యాప్‌ను, కాలగణనకు ప్రత్యేక ప్రణాళిక ఫైలును వాడుకొని, తేదీలను రెండవదానిలోనే నిర్ణయించుకోవడం ఆచరణీయమైన మార్గం.

కోర్సు వర్కులోని పరిశోధన పద్ధతుల పాఠ్యాంశంలో కీలక మార్గ గణనకు రెండు మూడు తరగతులు కేటాయించినా, నమోదు నాటి నుంచే పరిశోధకునికి తన కాలంపై స్పష్టమైన అవగాహన ఏర్పడుతుంది.